మేనమామ పెట్టిన ర్యామ్

నాకు ముప్పై నాలుగేళ్లు. రిటైరయ్యాను. ఈ మాట చెబితే జనం ముందు నా జుట్టు వైపు చూస్తారు, తర్వాత జాలిగా మా ఆవిడ వైపు చూస్తారు. శాలువా కప్పలేదు, దండ వేయలేదు, గోడ గడియారం ఇవ్వలేదు. హన్మకొండలో మేం కంప్యూటర్లు బిగించే మడిగెను దాని ఓనరు బిర్యానీ వాళ్లకు కిరాయికిచ్చాడు. నేను స్క్రూడ్రైవర్లు జేబులో వేసుకుని ఇంటికొచ్చాను. పదవీ విరమణ అంటే అంతే. ఇప్పుడు మా ఆవిడ జిరాక్స్ సెంటర్లో కూర్చుంటున్నాను. ఆధార్ కార్డు రెండు వైపులూ ఒకే పేజీ మీద రావాలంటే నన్నే పిలుస్తారు. ఆ మాత్రం హోదా మిగిలింది.

అయినా ఈ లైన్లోకి కొత్తగా దిగేవాళ్లు ఫోన్లు చేస్తూనే ఉన్నారు. "అన్నా, ఏ ర్యామ్ ఏ బోర్డుకు పడతది, జర చెప్పవా" అని. వీడియోలు చూడండి అంటే, చూశామంటారు. నిజమే, వీడియోల్లో పార్టుల గురించి అంతా ఉంటుంది. వాటిని కొని తెచ్చే మనుషుల గురించే ఏమీ ఉండదు. నా నౌకరీ సగం వాళ్లతోనే గడిచింది. అందుకని ఇది రాస్తున్నాను.

ఏం చేస్తావు దాంట్ల?

మా సారు పేరు వీరన్న. మడిగె కిరాయిదైనా దుకాణం ఆయనది. జేబులో ఎప్పుడూ సోంపు ఉండేది, నోట్లో ఎప్పుడూ ఒకటే ప్రశ్న ఉండేది.

ఒకసారి ఒకాయన వచ్చి కౌంటర్ మీద చెయ్యి వేశాడు. "మంచి కంప్యూటర్ గావాలె సారూ. నంబర్ వన్ ఉండాలె."

"ఏం జేస్తరు దాంట్ల?"

"మా బావమరిది ఇంట్ల ఉన్నదానికన్న పెద్దగుండాలె."

సారు కొంచెం సోంపు నమిలి, లోపలి నుంచి అన్నిటికన్నా పెద్ద క్యాబినెట్ తెప్పించాడు. లోపల మామూలు సామానే పెట్టించాడు. ఆయన సంబరంగా పట్టుకుపోయాడు. అందులో నవ్వడానికేమీ లేదు. తనకేం కావాలో అంత స్పష్టంగా చెప్పిన కస్టమర్ నాకు మళ్లీ దొరకలేదు.

మిగతావాళ్లు చెప్పరు. మనమే అడగాలి. ఉత్తరాలు టైప్ చేసుకునేవాడికి, పెళ్లి వీడియోలు కోసేవాడికి ఒకే ర్యామ్ అంటగడితే ఇద్దరికీ అన్యాయమే. ర్యామ్ అంటే పని చేసే బల్ల అనుకోండి. చిన్న పనికి చిన్న బల్ల చాలు. పెద్ద పనికి బల్ల చాలకపోతే సామానంతా కింద పడేసి, ఏరుకుంటూ పని చేయాలి. మనం దాన్ని "కంప్యూటర్ హ్యాంగ్ అయితాంది" అంటాం.

బోర్డు మాటే మాట

ఈ లైన్లో చాలామంది పార్టులు కలవడాన్ని పెళ్లి జాతకాలతో పోల్చి చెబుతారు. నేను పోల్చను. జాతకాలు కలవకపోయినా పెళ్లిళ్లవుతాయి. ర్యామ్‌కు గాటు కలవకపోతే దండం పెట్టినా లోపలికి పోదు.

ర్యామ్ పట్టీ అంచున బంగారు రంగు గీతలుంటాయి. వాటి మధ్యలో ఒక చిన్న గాటు ఉంటుంది. బోర్డు మీది సందులో దానికి సరిగ్గా ఒక చిన్న గట్టు ఉంటుంది. నాలుగో తరం ర్యామ్ గాటు ఒక దగ్గర, ఐదో తరం గాటు ఇంకో దగ్గర. చూపుకు రెండూ ఒక్కలాగే ఉంటాయి. అక్కడే చాలామంది మోసపోతారు. ప్రాసెసర్లలో కొన్ని ఈ రెండు తరాలతోనూ పని చేస్తాయి. బోర్డు మాత్రం ఒక్కదానితోనే చేస్తుంది. అందుకే ముందు బోర్డు పేరు అడగండి, ఆ కంపెనీ వాళ్ల జాబితాలో ఏ ర్యామ్ ఉందో చూడండి, తర్వాతే జేబులో చెయ్యి పెట్టండి.

ఇంకో మాట. పోకపోతే నొక్కకండి. మన వాళ్లకు బస్సులో సీటు దగ్గర్నుంచి అన్నీ నొక్కితే పోతాయని నమ్మకం. ర్యామ్ అట్లా పోదు. విరుగుతుంది.

రెండు పట్టీలు వేస్తే ఒకే రకం జోడు వేయండి. కాడికి కట్టిన ఎడ్లలాంటివి అవి. ఒకటి వడిగా, ఒకటి నిదానంగా ఉంటే, బండి నిదానం ఎద్దు నడకే నడుస్తుంది. ఒక్క పెద్ద పట్టీ కన్నా రెండు సరిజోడు చిన్న పట్టీలు మేలని కౌంటర్ దగ్గర గొంతు పోయేలా చెప్పేవాణ్ని. "ఒక్కటే ఇయ్యి, రెండోది తర్వాత జూద్దాం" అని పోయేవాళ్లు. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు.

దుమ్ము గురించి

ఎనుమాముల మార్కెట్ యార్డు పక్కన ఒక మిర్చి కమీషన్ దుకాణం. వాళ్ల కంప్యూటర్ ఆగిపోయిందని తెచ్చి బల్ల మీద పెట్టారు. పక్క మూత విప్పి, లోపలికి బ్లోయర్ కొట్టాను. అప్పటికి దుకాణంలో ఉన్న ప్రతి మనిషీ తుమ్మాడు. ఎదురుగా చెప్పుల దుకాణం వాళ్లూ తుమ్మారు. ఫ్యాన్ సీజనంతా మిరప దుమ్ము పీల్చి, లోపల ఎర్రటి పొర కట్టింది. కూరకు సరిపోయేంత ఉంది.

కమీషన్ దుకాణం గుమస్తా బిక్కమొహం వేసుకుని నిల్చున్నాడు. మూత తెరిచి వాడింది అతనే. తన మీదికి వస్తుందని భయం. సారు అతన్నొకసారి చూసి, ఓనరుతో అన్నాడు: "దుమ్ము సారూ. గంతే. ఎవ్వలది తప్పు లేదు."

వాళ్లు పోయాక నాతో అన్నాడు: "ఏ పార్టు నడవకున్నా ముందుగాల దుమ్మును అను. దుమ్ముకు చుట్టాలుండరు."

ఆ మాట లోతు నాకప్పుడు తెలియలేదు. సారు సోంపు ఎక్కువ తిన్నాడనుకున్నాను.

గదికి దావత్

ఇక అసలు సంగతి. ఈ ఒక్కటీ చెప్పడానికే పైదంతా చెప్పాను.

బిక్షపతన్న ఎనుమాముల యార్డులో ట్రాలీ ఆటో నడుపుతాడు. యార్డు వెనక గల్లీలోనే ఇల్లు. కూతురు మౌనిక ఒక ఇంజనీరు దగ్గర పని చేసేది. కట్టబోయే ఇల్లు కట్టేసినట్టే కనబడేలా త్రీడీ బొమ్మలు గీసే పని. ఇక సొంతంగా ఆర్డర్లు పట్టుకుంటానంది. దానికోసం డాబా మీద ఒక గది వేశారు. ఆ గదికి గృహప్రవేశం పెట్టారు. ఒక్క గదికి గృహప్రవేశం ఏమిటని అడక్కండి. మేక దొరికింది.

మా వైపు ఇంటి శుభకార్యమంటే చుట్టాలు బట్టలు పెడతారు. ఆ బట్టలు ఎవరూ కుట్టించుకోరు. బీరువాలో కొన్నాళ్లుండి ఇంకో ఇంటి శుభకార్యానికి వెళతాయి. కొన్ని ప్యాంటు పీసులు నాకన్నా ఎక్కువ ఊళ్లు తిరిగాయి. బిక్షపతన్నకు ఇక్కడ ఒక ఆలోచన తట్టింది. దుకాణానికి వచ్చి మా సారుకు సంతోషంగా చెప్పాడు.

"ఈసారి చుట్టాలకు బట్టలద్దని చెప్పిన సారూ. బిడ్డకు కంప్యూటర్ సామాన్ పెట్టుండ్రన్న. ప్రాసెసర్ నాది. బోర్డు మా తమ్ముడు సదానందం పెడ్తాండు. ర్యామ్ మేనమామది. డబ్బా, ఫ్యాన్లు, అవన్నీ మిగిలినోళ్లు పంచుకున్నరు. మీరు ఒక మనిషిని తోలితె ఆదివారం బిగిద్దాం."

"అందరు ఒక్క దుకాణంలనే కొంటాండ్రా?"

"ఎట్ల గొంటరు సారూ? ఎవ్వలి పెట్టుడు వాళ్లది."

సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయన అద్దాలు తుడిచాడంటే నాకు పని పడిందని అర్థం. "నువ్వు పో. స్క్రూడ్రైవర్ తీస్కపో. నోరు మాత్రం తక్కువ తీస్కపో."

ఆదివారం నేను పొద్దున్నే చేరాను. మేక అప్పటికే గంజులోకి చేరింది. మెట్ల దగ్గర మౌనిక తల్లి సారమ్మ నన్ను ఆపింది.

"తమ్మీ, జర ఒక మాట. ర్యామ్ పట్టుకొచ్చేది మా అన్న, ఐలయ్య. నెక్కొండ దిక్కు. ఆయన ఈ ఇంటి గడప తొక్కక ఏండ్లాయె."

"ఏమైందక్కా?"

"నా బిడ్డకు చీర కట్టించిన ఫంక్షన్ల మేనమామ గదా, చీర ఆయనే తెచ్చిండు. తిండికాడ మొదటి బంతికి ఎవ్వలు పిలువలే. రెండో బంతిల కూసున్నడు. అప్పటికి ముక్కలు ఒడిసినయ్. మా మరిది సదానందం వడ్డిస్తాండు. ఉత్త పులుసు వోసిండు. మా అన్న ఒక్క మాటనలే. తిన్నడు, చెయ్యి కడుక్కున్నడు, రైలెక్కిండు. మళ్ల రాలే. ఇగ మౌనికే ఫోన్ జేసింది, మామా ర్యామ్ నువ్వు పెట్టాలె అని. సరే బిడ్డా అన్నడట. ఏ ర్యామో ఎందుకో ఇంకేం అడగనియ్యలే నేను. మాట ఎక్కువైతె ఫోన్ పెట్టేస్తడని."

"ఊఁ."

"ఆయన తెచ్చింది మంచిగలేదని మాత్రం అనకు తమ్మీ. ఇయ్యాల గిట్ల నారాజై పోతె ఇగ నా సావుకే వస్తడు."

ర్యామ్ బాగుందో లేదో ర్యామే చెప్తది అక్కా, నేనేం చెప్త అని జోకు వేయబోయాను. ఆమె మొహం చూసి ఆ జోకు జేబులో పెట్టుకున్నాను. అది ఇప్పటికీ వాడలేదు.

ఏది తప్పు?

ఐలయ్య మామ రైలు దిగి ఆటోలో వచ్చాడు. తెల్ల చొక్కా, భుజం మీద తువ్వాల, చేతిలో స్టీలు డబ్బా. సదానందం గేటు దగ్గర ఉన్నాడు. హన్మకొండలో బట్టల దుకాణం ఆయనది.

"అచ్చినవా బావా?"

"ఆఁ."

అంతే సంభాషణ. ఇద్దరూ దవాఖానలో చీటీ పట్టుకుని కూర్చున్నవాళ్లలా చెరో గోడకు ఆనుకున్నారు.

పైగదిలో కింద చాప పరిచి సామానంతా పెట్టారు. చుట్టూ చుట్టాలు. ఆపరేషన్ చేసే డాక్టరుకు ఒక సుఖముంది, బంధువులను బయట కూర్చోమంటాడు. నాకది లేదు. ఒక పెద్దమ్మ నా భుజం మీదుగా వంగి, ప్రతి స్క్రూకూ "అది దేనికి?" అంటోంది.

ప్రాసెసర్ బోర్డులో కూర్చుంది. ఐలయ్య మామ స్టీలు డబ్బా మూత తీశాడు. లోపల తెల్ల గుడ్డ. గుడ్డలో రెండు ర్యామ్ పట్టీలు, కవర్ కూడా విప్పకుండా. యార్డుకు మిర్చి తెచ్చిన రోజున వరంగల్‌లో కొన్నాడట. నేను చేతిలోకి తీసుకోగానే గాటు కనబడింది.

నాలుగో తరం. బోర్డేమో ఐదో తరం.

ఇట్లాంటప్పుడు కొత్తవాళ్లు రెండు తప్పుల్లో ఒకటి చేస్తారు. ఒకటి, "అయ్యో, ఇది పడదు" అని గట్టిగా అరవడం. రెండు, ఇంకో పార్టు మీద లేని జబ్బు కట్టి అబద్ధం చెప్పడం. అబద్ధం వద్దు. బోర్డు పాడైందని చెప్పి తప్పు సదానందం మీదికి నెట్టొచ్చు. కానీ ఆయన ఆ బోర్డును ఇంకో దుకాణంలో చూపిస్తే, ఆ రోజుతో మన పని సరి.

నేను బోర్డును, పట్టీని పక్కపక్కన పెట్టి గాటు చూపించాను. "రెండూ కొత్తవే, రెండూ మంచియే. కని ఒకదాంట్ల ఒకటి పడయి. ఇది ఒక తరంది, అది ఇంకో తరంది."

"గట్లనా," అంది పెద్దమ్మ. "మరి ఏది తప్పు?"

చుట్టాలంతా నా వైపు చూశారు. 

ఐలయ్య మామ వంగి పట్టీలు తీసుకున్నాడు. గుడ్డలో చుట్టడం మొదలుపెట్టాడు. కోపంగా కాదు, నెమ్మదిగా. "మాదే పాతదై ఉంటది. దుకాణపాయన మంచిదని ఇచ్చిండు. ఊరోళ్లం, మాకేం ఎరుక." డబ్బా మూత పడింది. గడపలో సారమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు నాకు సారు ప్రశ్న తప్ప ఇంకేమీ గుర్తు రాలేదు.

"మౌనికా, ఏం జేస్తవు దీంట్ల?"

మౌనిక నా వైపు పిచ్చివాణ్ని చూసినట్టు చూసింది. "ఇండ్ల ఎలివేషన్లే కదన్నా. త్రీడీ."

"ఎంత ర్యామ్ గావాలె?"

"తక్కువల తక్కువ ముప్పై రెండు జీబీ."

"మామా, ఒక్కసారి డబ్బా తెరువు. ఒక్కో దానిమీద ఎంతున్నదో చదువుతా." పదహారు, పదహారు. "రెండెందుకు తెచ్చినవు? దుకాణపాయన చెప్పిండా?"

"ఆయన ఒక్కటే చాలన్నడు," అన్నాడు మామ, తల ఎత్తకుండా. "ఆడబిడ్డకు ఒంటిది పెడ్తరా ఎవలన్న? జోడు ఇయ్యి, ఒక్కతీరువి ఇయ్యి అన్న."

నాకు నవ్వొచ్చింది. కౌంటర్ దగ్గర నేను గొంతు పోయేలా మొత్తుకున్న ముచ్చట, ఈయన గాజులు కొన్నట్టు కొనుక్కొచ్చాడు. ఆ మాటే అందరికీ చెప్పాను. ఆ తర్వాత ఉన్నదున్నట్టు చెప్పాను: "ప్రాసెసర్‌కు ఏ తరమైనా ఒక్కటే, రెండిటితోని నడుస్తది. మార్చేది బోర్డన్న కావాలె, ర్యామన్న కావాలె. ఐదో తరం అయితే జర వేగం, ముందు ముందు పెంచుకోవచ్చు. నాలుగో తరమైనా మౌనిక పనికి ఢోకా లేదు. ఇగ మీ ఇష్టం."

ఈ "మీ ఇష్టం" అనేది టెక్నీషియన్ చేతిలో అన్నిటికన్నా పెద్ద పనిముట్టు. స్క్రూడ్రైవర్ దాని తర్వాతే.

"బోర్డు వాపస్ జేద్దాం," అన్నాడు సదానందం.

అందరూ గోడ దగ్గరున్న ఆయన వైపు తిరిగారు. ఆయన బోర్డు వచ్చిన ఖాళీ డబ్బా వెతుకుతున్నాడు.

"అద్దు సదానందం," అన్నాడు ఐలయ్య మామ. "నీదెందుకు వాపస్. మంచిది తెచ్చినవు."

"బావా, నాది బట్టల దుకాణం. పొద్దున షట్టర్ లేపితె ముందుగాల వాపస్ చీరెలే అస్తయి. మొన్న ఒకామె ఫాల్ కుట్టించుకొని, పెండ్లికి కట్టుకొని, అత్తరు వాసనతోని వాపస్ తెచ్చింది. తీసుకున్న. నాకు వాపస్ అంటే నారాజ్ ఏముంటది? నువ్వు రైలెక్కి తెచ్చినవు." డబ్బా దొరికింది. "నడువు తమ్మీ, బండి తియ్యి."

ఒకే మాటకు అందరి దగ్గరా ఒకే బరువుండదని నాకు అక్కడ తెలిసింది. ఒకాయనకు వాపస్ అంటే రోజువారీ బేరం. ఇంకో ఆయనకు అదే మాట గడప దాటించేస్తుంది. పార్టులు మార్చాల్సి వచ్చినప్పుడు ధర ఒక్కటే చూడకండి. ఎవరి పార్టు మారిస్తే ఎవరికి తక్కువ నొప్పి, అది కూడా లెక్కలోకి వస్తుంది. బోర్డు డబ్బా మీద ఇది రాసి ఉండదు.

బండి మీద

ప్రాసెసర్ విప్పి చాప మీద పెట్టి, బోర్డును డబ్బాలో సర్ది బయల్దేరాం. సదానందం నా వెనక కూర్చుని, బోర్డు డబ్బాను పసిపిల్లలా ఒళ్లో పెట్టుకున్నాడు. ములుగు రోడ్డు ఎక్కాక అడిగాడు.

"వదినె చెప్పిందా నీకు?"

"ఏం సేటూ?"

"చెప్పింది తీ. నీ మొఖం జూస్తె తెలుస్తాంది." ఒళ్లో డబ్బాను సర్దుకున్నాడు. "ఆ దినం నేను చూడలే తమ్మీ. బకెట్ పట్టుకొని ఉరుకుతాన. వడ్డించేటోనికి విస్తరి కనబడ్తది. మొఖం కనబడది. ఆయన కూసున్నడని రైలెక్కినంక ఎరుకైంది."

"ఆ మాట ఆయనకు చెప్పకపోయినరా?"

"ఎట్ల చెప్పాలె? పోయి, బావా నిన్ను నేను చూడలే అంటె, అదింకో అవమానం."

 స్పీడ్ బ్రేకర్ వచ్చింది. బండి నెమ్మది చేశాను.

బోర్డు కొన్న దుకాణం ఆదివారం కాబట్టి షట్టరు సగం దించి ఉంది. ఆ దుకాణపాయన నాకు తెలిసినవాడే. ఆయనకు నేను గాటు సంగతి చెప్పాను, సదానందం వ్యాపారం సంగతి చెప్పాడు. అదే ప్రాసెసర్‌కు సరిపోయే నాలుగో తరం బోర్డు ఇచ్చాడు. డబ్బా పారేయకుండా ఉంచుకోవడం ఎందుకని అడిగే కస్టమర్లకు చెప్పండి, ఇందుకే.

రబ్బరు

మేం తిరిగొచ్చేసరికి సారమ్మ సామానంతటికీ పసుపు కుంకుమ పెట్టింది. క్యాబినెట్‌కు, ఫ్యాన్లకు, కీబోర్డుకు, చివరికి నా స్క్రూడ్రైవర్‌కు కూడా బొట్టు. ర్యామ్ కవర్ విప్పి ఆ పట్టీలకూ పెట్టింది. అన్న తెచ్చినదానికి ప్లాస్టిక్ మీద బొట్టు పెట్టడం ఆమెకు మనసొప్పలేదు. పట్టీకి అంటించిన కంపెనీ కాగితం మీద ఉన్న బొట్టు చూసి, దీనితో నష్టమేం లేదులే అని, ప్రాసెసర్‌ను కొత్త బోర్డులో కూర్చోబెట్టి, రెండు పట్టీలూ పెట్టాను. ఈసారి గాటు కలిసింది. టక్, టక్.

కొబ్బరికాయ కొట్టారు. మౌనిక బటన్ నొక్కింది. ఫ్యాన్లు తిరిగాయి, క్యాబినెట్‌లో రంగు లైట్లు వెలిగాయి. సగం మంది చప్పట్లు కొట్టారు.

తెర మాత్రం నల్లగానే ఉంది.

లైట్లు వెలగడం వేరు, పని చేయడం వేరు అని చుట్టాలకు చెప్పాల్సిన అవసరం రాలేదు. చప్పట్లు వాటంతటవే ఆగిపోయాయి. ఐలయ్య మామ తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు.

ఇట్లాంటప్పుడు కంగారు పడకండి. కరెంట్ తీసేయండి, ఒక పట్టీ తీయండి, ఒక్కదానితో చూడండి. తర్వాత రెండోదానితో చూడండి. మొదటి పట్టీతో తెర వెలిగింది. రెండోదాన్ని అదే సందులో పెడితే వెలగలేదు.

"ఒకటి ఖరాబున్నదా?" అన్నాడు మామ. చాలా చిన్న గొంతు. చెయ్యి స్టీలు డబ్బా మీదికి పోయింది.

ఆ రెండో పట్టీని కిటికీ వెలుతురులో పట్టుకున్నాను. బంగారు గీతల మీద సన్నగా, ఎర్రగా, ఇంకా ఆరని తడి మరక. తడివేలితో పెట్టిన కుంకుమ అంచుకు జారింది.

తల ఎత్తేసరికి ఎదురుగా సారమ్మ. నా చేతిలోదాన్నే చూస్తోంది.

"మౌనికా, పెన్సిల్ తుడిచే రబ్బరున్నదా?"

రబ్బరు వచ్చింది. పొడిగుడ్డతో తడి అద్దేసి, గీతల మీద మెల్లగా రుద్దాను. మీరూ రబ్బరే వాడండి, చీర కొంగులూ ఉమ్ములూ వద్దు. తెల్ల రబ్బరు అంచు ఎర్రగా అయింది. పెద్దమ్మ ఊరుకుంటుందా?

"గదేంది, ఎర్రగున్నది?"

"అయ్యో, నేనే గదా..." అని సారమ్మ మొదలుపెట్టింది.

"దుమ్ము," అన్నాను గట్టిగా. "దుమ్మక్కా. గంతే. యార్డు పక్కన ఇల్లాయె, ఈ గల్లీల దుమ్ము గూడ ఎర్రగనే ఉంటది."

"మిరప దుమ్మా?" అన్నాడు ఐలయ్య మామ.

"మిరప దుమ్మే మామా. ర్యామ్ బంగారమసొంటిది. దుమ్ము ఒక్కటే అడ్డం."

ఇందాక పార్టుల మీద అబద్ధం చెప్పొద్దన్నాను. పార్టుల మీద చెప్పలేదు. దుమ్ము మీద చెప్పాను. దుమ్ము తరఫున మాట్లాడే మేనమామ ఎవరూ ఆ గదిలో లేరు.

రెండు పట్టీలూ పెట్టాను. బటన్ నొక్కబోయిన మౌనిక ఆగి, "మామా, నువ్వు నొక్కు," అంది. ఆయన చెయ్యి తువ్వాలకు తుడుచుకుని నొక్కాడు. తెర వెలిగింది. మౌనిక ఒక మూలన వేలు పెట్టి చూపించింది. "ముప్పై రెండు. మొత్తం నువ్వు పెట్టిందే." మామ తెరకు దగ్గరగా వంగి ఆ అంకె చదివాడు. అర్థమయిందో లేదో తెలియదు. చాలాసేపు చదివాడు.

రెండో బంతి

కింద విస్తర్లు వేశారు. మెట్ల కింద నుంచి సదానందం గొంతు పైకి వినబడింది. "బావా! మొదటి బంతి. దా, కూసో."

ఐలయ్య మామ నన్ను చూశాడు. "తమ్మీ, నువ్వు గూడ దా."

"మీరు నడువుండ్రి మామా. వైర్లు కట్టి అస్త."

ఈ సంగతి కూడా రాసుకోండి. క్యాబినెట్ లోపలి వైర్లను కట్టకుండా మూత వేయకండి. ఎవరూ చూడరు కదా అనుకుంటారు. ఫ్యాన్ చూస్తుంది. మెట్ల మీది నుంచి నాకు కింది బంతి కనబడుతోంది. సదానందం బకెట్ పట్టుకుని ఐలయ్య మామ ముందు వంగాడు. గరిటె నిండా ముక్కలు వేశాడు, మళ్లీ వేశాడు. వేస్తూ విస్తరి వైపు చూడటం లేదు. "ఇంకో గరిటె?" అంటూ మామ మొహంలోకి చూస్తున్నాడు.

"సాలు సదానందం," అన్నాడు మామ. "విస్తరి ఆగుతలేదు."

"తిను బావా. రైలు ఇంకోటున్నది."

నేను వైర్లు కట్టి, మూత బిగించి, చేతులు కడుక్కుని కిందికి దిగేసరికి రెండో బంతి కూర్చుంది. కూర్చున్నాను. అన్నం వచ్చింది. బకెట్ పట్టుకుని సదానందం వచ్చి నా ముందు ఆగాడు. గరిటెతో అడుగంతా వెతికాడు. రెండోసారి వెతికాడు. తర్వాత నా మొహం వైపు చూశాడు.

"తమ్మీ... ముక్కలు..."

"పులుసు వొయ్యి సేటూ."

పోశాడు. తిని మళ్లీ పైగదికి ఎక్కిన ఐలయ్య మామ గొంతు: "బిడ్డా, దాన్ని ఒక్కసారి బంద్ వెట్టి, మళ్ల వెలిగియ్యరాదు." నెక్కొండ పోయే రైలు కూత యార్డు మీదుగా వినబడింది. ఎవరూ లేవలేదు. పులుసులో కారం కొంచెం ఎక్కువే. ఆ గల్లీలో అంతే మరి.